40 రోజుల్లో 9 కిలోమీటర్లు

మే 9, మధ్యాహ్నం 2 గంటలు. గుంటూరులో ముగ్గురు డాక్టర్లను కలిసి బైకు మీద విజయవాడ తిరిగి వస్తున్నాను. కనకదుర్గ వారధి మీదికి ఎక్కానో లేదో, ముందెక్కడో లారీ ఆగిపోయిందట, ట్రాఫిక్ కదలడం లేదు. వారధి మీద జామ్ మనకు కొత్త కాదు కాబట్టి ఫోన్ తీసి మెసేజీలు చూసుకుంటున్నాను. తొడలకు సెగ తగిలి కిందికి చూస్తే, మీటర్లో ఎప్పుడూ నాలుగు గీతల దగ్గర ఉండే టెంపరేచర్ ఏడుకు ఎక్కి ఉంది. ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. ఇంజన్ ఆపేశాను. కింద సన్న గొట్టంలోంచి, ఇంజన్‌ని చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ బొటబొటా కారుతోంది. తారు మీద పడి ఆవిరవుతుంటే ఒక రకమైన తియ్యటి వాసన.

వారధి మీద చెట్టా, నీడా? టై కట్టుకుని, వీపున శాంపిల్స్ బ్యాగుతో, కృష్ణలంక వైపు దిగేదాకా తోసుకొచ్చాను. అక్కడ మజ్జిగ బండి పక్కన ఆపి, వెంటనే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాను. "ఒరే బాబూ, ఆ మూత ముట్టుకోకు!" అని వెనకనుంచి ఒక కేక. లారీ క్లీనర్ అనుకుంటా, యాభై ఏళ్లు ఉంటాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దగ్గర పాత మచ్చ చూపించాడు. ఎప్పుడో లారీ రేడియేటర్ వేడి మీద తెరిస్తే చిమ్మిందట. లోపల ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవనీ, మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయనీ ఆయన చెప్పాకే తెలిసింది. మజ్జిగాయన నాకు గ్లాసు అందించి, "ముందు నువ్వు తాగు, తర్వాత దానికి పోద్దువుగాని" అన్నాడు. ముప్పావుగంట ఆగి, పక్కనున్న చిన్న కూలెంట్ ట్యాంకులో ఆయన క్యాన్ నీళ్లే అర లీటరు పోసి, మెల్లగా ఇల్లు చేరాను. ఆ అర లీటరు నీళ్లు తర్వాత నా మెడకు చుట్టుకుంటాయని అప్పుడు తెలియదు.

నేను మెడికల్ రెప్‌ని. గుంటూరు, తెనాలి, గుడివాడ, బందరు నా లైను. నెలకు 1500 కిలోమీటర్లకు తక్కువ తిరగను. బండి 250 సీసీ, లిక్విడ్ కూల్డ్, అప్పటికి 14 నెలల వయసు, మీటర్లో 21 వేలు దాటింది. వారంటీ ఇంకా ఉంది. కంపెనీ పేరూ షోరూం పేరూ రాయడం లేదు. ఇదే కథను వేరే పేర్లతో చెప్పినవాళ్లు ఈ రెండు నెలల్లో నాకు నలుగురు తగిలారు.

షోరూంకి ఫోన్ చేస్తే మూడు రోజుల తర్వాత స్లాట్ ఇచ్చారు. మే 12న బండి ఇచ్చాను. సూపర్‌వైజర్ మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. నేను వారధి కథంతా చెబుతుంటే తల ఊపుతూ కంప్యూటర్లో ఏదో కొట్టాడు. చేతికి ఇచ్చిన జాబ్ కార్డులో కస్టమర్ కంప్లైంట్ అన్నచోట రెండే మాటలున్నాయి: జనరల్ చెకప్. నేనూ పట్టించుకోలేదు. మాట చెప్పాను కదా, చూస్తారు కదా అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం పిలిచారు. "ఏమీ లేదు సార్, బండి పర్ఫెక్ట్. కూలెంట్ తగ్గింది, పోశాం. ఎండలు కదా సార్, అన్ని బళ్లూ వేడెక్కుతున్నాయి." బిల్లు 640 రూపాయలు, అందులో 150 వాటర్ వాష్. బండి తళతళలాడుతోంది. గేటు దాటాక ఎందుకో మీటర్ చూశాను. ఇచ్చేటప్పుడు పెట్రోల్ లెక్క కోసం ఫోటో తీసిపెట్టుకునే అలవాటు నాది. మూడు రోజుల్లో తిరిగింది 2 కిలోమీటర్లు.

ఆ రాత్రి బండితో ఇచ్చిన పుస్తకాన్ని మొదటిసారి తెరిచాను. 14 నెలలుగా అది సీటు కింద ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. అర్థమైనంతవరకు సంగతి ఇది. ఇంజన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్ ముందున్న రేడియేటర్లోకి వస్తుంది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది. ఆగి ఉన్నప్పుడు గాలి ఉండదు కాబట్టి రేడియేటర్ వెనక చిన్న కరెంటు ఫ్యాన్ ఉంటుంది. వేడి ఒక హద్దు దాటగానే అది దానంతటదే తిరగాలి. నా బండి గుంటూరు హైవే మీద గంటసేపు 80లో వెళ్లినా నాలుగో గీత దాటదు. ఎక్కడ ఆగితే అక్కడే గోల. అంటే బండిని నడిపి చూసేవాడికి ఈ జబ్బు ఎప్పటికీ కనిపించదు. పొద్దున 9 గంటలకు, చల్లటి ఇంజన్‌తో, ఖాళీ సర్వీస్ రోడ్డులో 2 కిలోమీటర్లు తిప్పితే అసలే కనిపించదు. జ్వరం సాయంత్రం వస్తుందంటే పొద్దున చెయ్యి పట్టుకుని ఏమీ లేదని పంపేసే డాక్టర్లను నా ఉద్యోగంలో చూశాను. ఇదీ అంతే.

మే 22న బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్లో మళ్లీ అదే తంతు. మే 24న రెండోసారి ఇచ్చాను. ఈసారి సూపర్‌వైజర్ కాసేపు ఆలోచించి, "థర్మోస్టాట్ అయి ఉంటుంది సార్, మార్చేద్దాం" అన్నాడు. థర్మోస్టాట్ అంటే, వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్లోకి వదిలే చిన్న వాల్వు. చూసి చెప్పాడా, చూడకుండా చెప్పాడా అంటే, బండి అప్పటికి గేటు బయటే ఉంది. స్టాకులో లేదు, డిపో నుంచి రావాలి, నాలుగు రోజులు. నాలుగు కాస్తా ఆరు, ఆరు కాస్తా పది అయ్యాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపు లోడ్ వస్తోంది సార్" అనే అనేవాడు.

మర్నాడే రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగులుతాయన్న ఎండల్లో పల్లెవెలుగు బస్సులెక్కి తిరిగాను. తెనాలిలో డాక్టరుగారు ఒంటిగంటకు రమ్మంటే, బస్సు దిగి ఆటో కోసం చూసి, చేరేసరికి ఒకటిన్నర. ఆయన భోజనానికి వెళ్లిపోయేవారు. రోజుకి పది మందిని కలిసే నేను ఐదారుగురితో సరిపెట్టాల్సి వచ్చింది. మా మేనేజర్ బండి కథ రెండు రోజులు విన్నాడు, మూడో రోజు వినలేదు.

చివరికి గుడివాడ వెళ్లి నాన్న బండి తెచ్చుకున్నాను. 2004 మోడల్, 100 సీసీ. నాన్న సంచిలోంచి పాత గుడ్డ తీసి సీటు తుడుస్తూ, "ఏరా, నీ బండికి నీళ్లు కూడా పోయాలా?" అన్నాడు.

"అది కూలెంట్ నాన్నా, నీళ్లు కాదు."

"దీనికి గాలే కూలెంటు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి అలిగిందేమో అడుగు."

ఏమంటాను? ఇంజన్ మీద ఆ రేకుల వరసలు చూస్తూ కిక్ కొట్టాను. రెండో కిక్కుకే అందుకుంది. స్పీడు 60 దాటితే అద్దాలు వణుకుతాయన్న మాటేగానీ, ఆ పది రోజులూ బందరు రోడ్డు మీద నన్ను ఒక్కచోటా దించలేదు.

జూన్ 6న నా బండి వచ్చింది. కొత్త థర్మోస్టాట్ వారంటీలో వేశారు. మీటర్లో ఈసారి 3 కిలోమీటర్లు పెరిగింది. ఎందుకైనా మంచిదని ఇంటి ముందు స్టాండ్ వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి గీతలు చూస్తూ కూర్చున్నాను. పావుగంటలో ఏడో గీత. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "13 రోజులు చేసింది ఇదేనా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆటోనగర్లో వైరింగ్ పని చేసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. మా వీధిలో సగం మందికి ఆయనే దిక్కు. ఆయన దగ్గరికి వెళ్లాలని మొదటి రోజునుంచీ ఉంది, బయట విప్పిస్తే వారంటీ పోతుందన్న భయంతో ఆగాను. ఇక ఉండబట్టలేక వెళ్లాను.

"ఫ్యాన్ తిరుగుతోందా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

నా దగ్గర జవాబు లేదు. నెల రోజులుగా ఈ బండి గురించి అంతమందితో మాట్లాడినవాడిని, ఒక్కసారైనా వంగి ఫ్యాన్ చూడలేదు. షోరూంలో ఎవరూ అడగనూ లేదు. బాబాయ్ బండిని నిలబెట్టి స్టార్ట్ చేసి, బీడీ వెలిగించుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఏమీ చేయలేదు, చూస్తూ ఉన్నాడంతే. ఐదో గీత, ఆరో గీత. ఫోన్ టార్చి రేడియేటర్ వెనక్కి కొట్టి చూపించాడు. ఫ్యాన్ రెక్కలు కదలడం లేదు, వాటి మీద ధూళి కూడా చెదరలేదు. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్యాన్ వైర్లను కలిపే ప్లగ్గు, అంటే కప్లర్ మీద ఒక్కటి తట్టాడు. ఫ్యాన్ గుర్రుమని తిరిగింది. రెండు సెకన్లు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తట్టాడు, మళ్లీ తిరిగింది.

"ఫ్యాన్ బాగానే ఉంది. కప్లర్లో కాంటాక్ట్ లేదు. పది నిమిషాల పని. కానీ నేను విప్పను రా, రేపు వారంటీ లేదంటే నిన్ను నువ్వే తిట్టుకుంటావు. వీడియో తీసుకుని వాళ్లకే చూపించు." డబ్బులిస్తే తీసుకోలేదు.

జూన్ 14. మూడోసారి. ఈసారి జాబ్ కార్డు మీద నా కంప్లైంటు నా మాటల్లోనే రాయించాను: బండి ఆగి ఉన్నప్పుడు ఫ్యాన్ తిరగడం లేదు, కప్లర్ తడితే తిరుగుతోంది, వీడియో ఉంది. అలా రాయడానికి సాఫ్ట్‌వేర్లో చోటు లేదన్నాడు. పెన్నుతో రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. వీడియో చూపిస్తే రెండుసార్లు చూసి, మొహం చిట్లించి, "బయట మెకానిక్‌కి చూపించారా సార్?" అన్నాడు.

"చూపించాను, విప్పలేదు."

"అలా చూపించకూడదు సార్." తర్వాత కూలెంట్ ట్యాంకు మూత తీసి వేలు ముంచి చూశాడు. "ఇందులో మామూలు నీళ్లు కలిపారా?"

మజ్జిగ బండి క్యాన్ నీళ్లు. ఒప్పుకున్నాను. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకూడదని పుస్తకంలో రాసి ఉన్న మాట నిజమే. క్యాన్ నీళ్లలోని లవణాలు లోపల పొరలా పట్టి దారులు మూస్తాయి. కానీ ఆ నీళ్లు పోసి నెల దాటింది. మధ్యలో వీళ్లే ఒకసారి కూలెంట్ పోశారు, ఇంకోసారి థర్మోస్టాట్ విప్పారు. అప్పుడు కనపడనిది వీడియో చూశాక కనపడింది. వారంటీ రాకపోవచ్చనీ, రేడియేటర్ ఫ్లషింగ్‌కి, అంటే లోపల కడగడానికి, ఛార్జీ పడుతుందనీ, ఫ్యాన్ మొత్తం సెట్టు మార్చాలనీ అన్నాడు. ఫ్యాన్ కాదు, కప్లర్ అని చెప్పాను. "కంపెనీ ప్రొసీజర్ అంతే సార్, సెట్టే వస్తుంది." అది కూడా డిపో నుంచే.

అక్కడినుంచి 24 రోజులు. ఈ భాగం త్వరగా చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకి కంప్లైంట్ ఇచ్చాను. రెండు రోజులకు, మీ సమస్య పరిష్కరించాం అని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను నాన్న బండి మీద ఉన్నాను. మళ్లీ చేశాను, మళ్లీ పరిష్కరించారు. తర్వాత ఫోన్లు మానేసి అన్నీ మెయిల్లో పెట్టాను: మూడు జాబ్ కార్డులు, మీటర్ ఫోటోలు, వీడియో. లాయర్‌గా పనిచేసే మా బావ చెప్పాడని 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. వాళ్లు తీర్పులివ్వరు, ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపుతారు. కానీ అది వెళ్లే టేబుల్ వేరు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని బావ కాగితాలు కూడా సిద్ధం చేశాడు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపైతే ఫీజు లేదు. అంతదాకా పోలేదు. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టిన నాలుగో రోజు, ఏరియా సర్వీస్ మేనేజర్‌ని అంటూ ఒకాయన ఫోన్ చేశాడు. జూన్ నెలాఖరు అప్పటికి. ఆయన మొదటి మాటే, "సార్, మీరు డైరెక్ట్‌గా నాకు చెప్పాల్సింది." ఆయన అనేవాడు ఒకడున్నాడని నాకెలా తెలుస్తుంది?

జూలై 8న ఫ్యాన్ సెట్టు వచ్చిందని పిలిస్తే, ఈసారి నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను. కస్టమర్లు లోపలికి రాకూడదన్నారు. ఏరియా మేనేజర్ పేరు చెప్పాను, రానిచ్చారు. సీనియర్ మెకానిక్ పాత ఫ్యాన్ విప్పి, కొత్తది బిగించి, అదే కప్లర్లో గుచ్చి బండి స్టార్ట్ చేశాడు. ముగ్గురం మీటర్ చూస్తున్నాం. నాలుగు, ఐదు, ఆరు.

కొత్త ఫ్యాన్ కూడా తిరగలేదు.

ఆ మౌనాన్ని నేను పూర్తిగా ఆస్వాదించాను, అబద్ధమెందుకు. సీనియర్ మెకానిక్ సూపర్‌వైజర్ వైపు, ఆయన నా వైపు, నేను పైకప్పు వైపు చూశాం. అప్పుడు పక్క ర్యాంపు మీద ఇంకో బండికి ఆయిల్ మారుస్తున్న కుర్రాడు వచ్చాడు. ఐటీఐ అయి వచ్చి ఆరు నెలలైందట. ఇంజన్ ఆపి, కాస్త చల్లారాక కప్లర్ పీకి వెలుగులోకి తిప్పి చూశాడు. లోపల ఇత్తడి పిన్నుల మీద పాత రాగి చెంబుకి పట్టినట్టు పచ్చగా చిలుము. ఒక పిన్ను సగం తినేసి ఉంది. వేడెక్కితే కాంటాక్ట్ వదిలేస్తోంది, తడితే తగులుతోంది. కుర్రాడు కప్లర్ కత్తిరించి, కొత్తది వేసి, వైర్లు టంకం పెట్టి, పైన స్లీవ్ తొడిగాడు. నేను టైము చూశాను. 25 నిమిషాలు. బాబాయ్ పదన్నాడు గానీ, ఆయన కొంచెం గొప్పలు చెబుతాడు.

ఆరో గీత రాగానే ఫ్యాన్ గుర్రుమంది. నిమిషంన్నరలో ఐదుకి దిగింది.

"చిలుము ఎలా వచ్చింది తమ్ముడూ?" అని అడిగాను.

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ప్రెషర్ వాష్ అన్నా. ముందునుంచి రేడియేటర్ మీదికి గన్ పెట్టి కొడతారు. ఆ కప్లర్ రబ్బరు సీలు ఊడిపోయింది, నీళ్లు లోపల నిలిచిపోయాయి. వాష్‌లో ఫోము కూడా వాడతాం కదా."

అంటే మొదటి సర్వీసునుంచీ 150 రూపాయలు కట్టి బండికి ఈ జబ్బు నేనే చేయించుకున్నాను. ఓవర్‌హీట్ అని ఇచ్చిన రెండుసార్లూ శుభ్రంగా కడిగి మరీ ఇచ్చారు.

కుర్రాడు వేరే సంగతి కూడా చెప్పాడు. వాళ్లకి రోజుకి ఇన్ని బళ్లు దించాలని లెక్క ఉంటుందట. ఫ్రీ సర్వీసు బండి గంటలో అయిపోతుంది, లెక్కలోకి వస్తుంది. నా బండి లాంటిది ర్యాంపు మీద పెట్టుకుని ఎందుకు వేడెక్కుతోందో చూస్తూ కూర్చుంటే పూట పోతుంది, పైగా వారంటీ పని, చేతికి ఏమీ రాదు. అందుకే ముందు పార్టు ఆర్డర్ పెట్టేస్తారు. పార్టు వచ్చేదాకా బండి లెక్కలో "స్పేర్ పెండింగ్" అని ఉంటుంది, ఎవరూ అడగరు. అది విన్నాక నా కోపం సూపర్‌వైజర్ మీద కొంత తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

కొత్త ఫ్యాన్ బండికే ఉంచేశారు. వారంటీ క్లెయిమ్ వేసేశారు కాబట్టి వెనక్కి తీస్తే కాగితాలు కలవవట. బాగున్న పాత ఫ్యాన్ డబ్బాలో కంపెనీకి వెళ్లింది. ఫ్లషింగ్ ఛార్జీ 1,180 బిల్లులో వేసి, ఏరియా మేనేజర్‌కి ఫోన్ చేస్తానంటే తీసేశారు. మీటర్ చూశాను, 4 కిలోమీటర్లు. మూడుసార్లూ కలిపి 40 రోజులు షోరూంలో ఉండి నా బండి తిరిగింది 9 కిలోమీటర్లు.

ఆగస్టులో మామూలు సర్వీసుకి ఇచ్చాను. జాబ్ కార్డు మీద పెద్ద అక్షరాలతో "వాటర్ వాష్ వద్దు" అని రాయించాను. సూపర్‌వైజర్ నవ్వి, "మీది గుర్తుంది సార్" అన్నాడు. సాయంత్రం వెళ్తే బండి చెప్పిన టైముకి రెడీగా ఉంది, దుమ్ము దుమ్ముగానే ఉంది. ఎంత సంతోషం వేసిందో. బిల్లు చూస్తే కింద నుంచి రెండో లైను: వాటర్ వాష్, 150 రూపాయలు.

"సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది సార్" అన్నాడు క్యాషియర్. పెన్నుతో కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించుకుని వచ్చాను.